పాత ఓనర్‌కు ఫోన్ పోయిన ప్రతిసారీ చేజారిన ఇల్లు: ఒక కిరాయి కేసు

హనుమకొండ, కాజీపేట, వరంగల్ మూడు వైపులా ఇళ్లు కిరాయికి ఇప్పించడం నా పని. ఇల్లు ఇచ్చే ముందు ఓనర్లు కిరాయిదారు గురించి ఆరా తీస్తారని అందరికీ తెలుసు. ఆ ఆరాకు ముందే సిద్ధమయ్యేవాళ్లు మాత్రం చాలా తక్కువ. సిద్ధం కావడమంటే ఏమిటో ఈ కేసులో బాగా కనిపించింది కాబట్టి రాస్తున్నాను. ఇల్లు వెతుక్కుంటూ నా దగ్గరికి వచ్చిన ఒక నర్సు కేసు ఇది. ఆమె అనుమతి తీసుకున్నాను. గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను. డబ్బు లెక్కల్లో అంకెలు కూడా మార్చినవే.

నేపథ్యం

మన దగ్గర ఆరా గేటు దగ్గరే మొదలవుతుంది. "ఏ ఊరు మీది? ఎంతమంది ఉంటరు? సార్ ఏం చేస్తరు? ఇంతకుముందు ఎక్కడున్నరు? ఎందుకు ఖాళీ చేస్తున్నరు?" వీటికి జవాబులు నచ్చితే ఇల్లు చూపిస్తారు. ఇల్లు నచ్చితే పాత ఓనర్ నంబర్ అడుగుతారు. అసలు పరీక్ష ఆ ఫోన్ కాల్.

ఓనర్లలో రెండు రకాలున్నారు. కింద తాముంటూ పై పోర్షన్ కిరాయికిచ్చేవాళ్లు మొదటి రకం. గేటు, మెట్లు, బోరు, నీళ్ల ట్యాంకు అన్నీ ఉమ్మడే కాబట్టి, రోజూ ఎదురుపడే మనిషి ఎలాంటిదన్నది వాళ్లకు కిరాయి డబ్బు కంటే ముఖ్యం. హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉండి హంటర్ రోడ్డు వైపు ఫ్లాట్ కిరాయికిచ్చేవాళ్లు రెండో రకం. వాళ్లకు కాగితాలు కావాలి. ఆధార్, జీతం స్లిప్పు, ఆఫీసు ఐడీ పంపితే చాలావరకు పని అయిపోతుంది. మొదటి రకం ఓనర్‌కు రెండో రకం ఫైలు ఇస్తే "ఇన్ని కాగితాలెందుకు తెచ్చిండ్రు?" అని అనుమానపడ్డ సందర్భాలూ చూశాను.

ఈ కేసులో ఆమె స్టాఫ్ నర్సు, వయసు ముప్పై దాటింది. కరీంనగర్ వైపు నుంచి వరంగల్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రికి మారింది. తల్లి, రెండో తరగతిలోకి వచ్చే కొడుకు ఆమెతో ఉంటారు. భర్తతో విడిగా ఉంటోంది, కేసు కోర్టులో ఉంది. కిరాయి తొమ్మిది వేలు దాటకూడదు, పిల్లాడి బడి దగ్గరుండాలి. మూడు షిఫ్టుల డ్యూటీ. అప్పటికి మే నెల సగం అయిపోయింది. జూన్ 12న బడులు తెరుస్తారు, ఆ వెనకే ఆషాఢం. ఆషాఢంలో మనవాళ్లు ఇల్లు మారరు, కొందరు ఓనర్లు పాలు పొంగించనివ్వరు కూడా. అంటే టైమ్ తక్కువ.

ఏం జరుగుతోంది

నా దగ్గరికి వచ్చేటప్పటికే ఆమెకు చాలా ఇళ్లు పోయాయి. "ఒంటరి ఆడదాన్నని ఎవ్వరిస్తలేరు అన్నా" అంది. నిజమే కావచ్చు, అలాంటి ఓనర్లు ఉన్నారు. అయినా ఆ మాట అక్కడే ఒప్పుకోకుండా, ఏ ఇల్లు ఏ దశలో పోయిందో ఒక్కొక్కటి అడిగాను. గేటు దగ్గరే వద్దన్నవాళ్లు ఒకరిద్దరే. మిగతావాళ్లు ఇల్లు చూపించారు, కిరాయి మాట్లాడారు, ఒకాయన అడ్వాన్స్ ఎప్పుడిస్తారని కూడా అడిగాడు. పాత ఓనర్ నంబర్ ఇచ్చాక మాత్రం ఫోన్ ఎత్తడం మానేశారు, లేదంటే "మా చుట్టాలొస్తున్నరు" అన్నారు.

ఒంటరి ఆడమనిషి అన్నదే అడ్డం అయితే గేటు దగ్గరే ఆగిపోవాలి. ఫోన్ తర్వాత ఆగుతోందంటే ఆ ఫోన్‌లో ఏదో ఉంది. ఈ తేడా పట్టుకోకపోతే మిగతా ప్రయత్నమంతా తప్పు దారిలో పోతుంది. ఇంకో పది ఇళ్లు చూపించినా ఫలితం మారదు.

ఆమెను అడిగి, నేనే కరీంనగర్ ఓనర్‌కు ఫోన్ చేశాను. ఎవరో కిరాయికిచ్చే మనిషినని నటించలేదు, ఇళ్లు చూపించేవాణ్నని చెప్పాను. అబద్ధం చెప్పి తెలుసుకున్న విషయాన్ని తర్వాత ఆయన ముందు పెట్టి మాట్లాడలేను కదా. ఆయన గట్టిగానే మాట్లాడాడు. "పిల్ల మంచిదే, కిరాయి ఒక్క నెల ఆపలె. కానీ ఆ ఇంట్ల లొల్లి సార్. ఆయనొచ్చి గేటు గుద్దుడు, వాడకట్టంత జమైతరు. ఆఖరికి చెప్పకుంట పోయింది. తాళంచెవి పక్కింట్ల ఇచ్చి పోయింది. కరెంట్ బిల్లు కట్టలె, వాష్ బేసిన్ పగిలింది."

ఈ మాటల్లో మూడు వేర్వేరు విషయాలున్నాయి. కిరాయి సరిగ్గా కట్టింది: ఇది మంచి మాట, కానీ కొత్త ఓనర్ చెవిన పడేసరికి మిగతావాటి కింద మునిగిపోతోంది. భర్త గొడవ: ఇది ఆమె తప్పు కాదు, కానీ ఓనర్‌కు అసలు భయం ఇదే. చెప్పకుండా ఖాళీ చేయడం, బిల్లు, బేసిన్: ఇవి నిజం, సరిదిద్దగలిగినవి. ఆయన కోపమంతా మూడోదాని మీద ఉంది, చెప్పేటప్పుడు మాత్రం రెండోది ముందు వస్తోంది.

ఫోన్ పెట్టబోతూ ఆయన ఇంకో మాటన్నాడు. "హనుమకొండల ఫలానా కాలనీల ఇల్లు చూస్తున్నదట గదా. ఎవరో ఓనర్ ఫోన్ చేసి చెప్పిండు. మొన్న వాళ్లాయన కూడా వచ్చి అడిగిండు, యాడున్నదని." తానేమీ చెప్పలేదన్నాడు. చెప్పడని నమ్మకమేమీ లేదు. ఆమె ఇల్లు వదిలి వచ్చిందే ఆ మనిషి నుంచి దూరంగా ఉండాలని. మనం ఆరా అనుకుంటున్న ఫోన్ కాల్ ప్రతిసారీ ఆమె కొత్త చిరునామాను పాత చోటికి మోసుకుపోతోంది. ఇక నుంచి ఏ ఓనర్‌కూ ఆ నంబర్ నేరుగా ఇవ్వవద్దని ఆ రోజే చెప్పాను.

అప్పటికే చేసి చూసినవి, ఎందుకు పనిచేయలేదు

నా దగ్గరికి రాకముందు ఆమె, ఆమె ఇంటివాళ్లు ఊరికే కూర్చోలేదు. ముందు మేనమామను పాత ఓనర్‌గా మాట్లాడించారు. కొత్త ఓనర్ రైల్వేలో చేసి రిటైరైన మనిషి, తొందరపడకుండా అడిగాడట. పై పోర్షనా కిందదా, సబ్ మీటరా సెపరేట్ మీటరా, ఎప్పుడు ఖాళీ చేశారు, ఇప్పుడక్కడ ఎవరుంటున్నారు? మేనమామ తడబడ్డాడు. పైగా ట్రూకాలర్‌లో పేరు వేరే పడింది. ఇల్లు పోయింది, ఆమె అబద్ధాలకోరు అన్న పేరు ఆ వీధిలో మిగిలింది. ఓనర్లు సాయంత్రం వాకింగ్‌లో కలుస్తారు, ఒక వీధిలో పోయిన పేరు పక్క వీధికి చేరడానికి ఎంతోసేపు పట్టదు.

తర్వాత తల్లి ఒక ఇంట్లో "అల్లుడు దుబాయ్‌ల ఉంటడు" అని చెప్పింది. మన ఉత్తర తెలంగాణలో ఈ మాట ఎవరైనా నమ్ముతారు, ఎందుకంటే ఇంటికొకరు గల్ఫ్‌లో ఉన్న ఊళ్లు బోలెడు. సరిగ్గా అందుకే అది నిలబడలేదు. ఆ ఇంటి ఓనరమ్మ కొడుకు కూడా అక్కడే. ఏ కంపెనీ, ఏ క్యాంపు, ఎన్నడొస్తడు అని ఆప్యాయంగానే అడిగింది. రెండో ప్రశ్నకే తల్లి నోరు మూసుకుంది.

మూడోది, నాలుగు నెలల అడ్వాన్స్ ఇస్తామనడం. వరంగల్‌లో ఇంత చిన్న ఇళ్లకు మామూలుగా రెండు నెలలు అడుగుతారు. ఎవరూ అడగకుండా రెట్టింపు ఇస్తామంటే ఓనర్‌కు వచ్చే మొదటి ఆలోచన, వీళ్లకు ఇల్లు ఎందుకు దొరకడం లేదు అని. అడ్వాన్స్‌తో పోయే భయం వేరు: కిరాయి ఎగ్గొడతారేమో, ఇల్లు పాడు చేస్తారేమో అన్నది. గేటు దగ్గర గొడవ అవుతుందేమో అన్న భయాన్ని డబ్బు తీయలేదు.

ఏం చేశాం

మొదట కరీంనగర్ లెక్క తేల్చాలనుకున్నాం. ఆమె ఒప్పుకోలేదు. "అడ్వాన్స్ ఆయనే ఉంచుకున్నడు, ఇగ ఆ మొఖమే చూడ" అంది. అడ్వాన్స్ రెండు నెలలది, 14 వేలు. ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించాల్సి వచ్చింది. డబ్బు కోసమైతే ఆమె మాటే సరి, దాని వెంట పడితే వచ్చేదానికంటే పోయే మనశ్శాంతి ఎక్కువ. నాకు కావలసింది మాత్రం డబ్బు కాదు, లెక్క ముగిసిందన్న కాగితం. లెక్క ముగియనంత కాలం ఆ ఓనర్‌కు ఆమె చెప్పకుండా పోయిన మనిషే. ముగిశాక పాత కిరాయిదారు అవుతుంది. ఇలా చెబితే ఒప్పుకుంది.

నోటీసు గురించి ఆమెకు ఎవరో పదిహేను రోజులు చాలని చెప్పారు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్‌లో నెలవారీ కిరాయికి పదిహేను రోజుల నోటీసు అన్న మాట ఉంది, కానీ అది వేరే ఒప్పందం లేనప్పుడు. ఆమె సంతకం పెట్టిన అగ్రిమెంట్‌లో ఒక నెల అని ఉంది. ఆమె వెళ్లిపోయిన పరిస్థితి చూస్తే ఏ మనిషైనా అర్థం చేసుకోవాలి. అయినా మనకు కావలసిన కాగితం ఇవ్వాల్సిన మనిషితో చట్టం వాదించి లాభం లేదనిపించింది. ఒక నెల కిరాయి 7 వేలు, బేసిన్‌కు 1,800 కోసుకోమన్నాం. కరెంట్ బిల్లును సర్వీస్ నంబర్ కొట్టి ఆమే ఫోన్‌లో కట్టేసి, రసీదు ఆయనకు వాట్సాప్ చేసింది. అడగకముందే బిల్లు కట్టడం వల్ల ఆయన గొంతు మారింది. 5,200 రావాలి, 5,000 ఫోన్‌పే చేశాడు. రెండు వందలు ఇల్లు కడిగించినందుకట. పోనీ అన్నాం.

కాగితంలో ఏం రాయించాలన్నది తర్వాతి నిర్ణయం. "చాలా మంచి కుటుంబం" అని రాయమంటే ఆయన రాయడు, రాసినా కొత్త ఓనర్ నమ్మడు. కాబట్టి పొగడ్త ఏదీ అడగలేదు. ఎప్పటి నుంచి ఎప్పటి వరకు ఉన్నారు, కిరాయి ఎంత, నెలనెలా అందిందా, అడ్వాన్స్ లెక్క ముగిసిందా, బాకీ ఏమైనా ఉందా. నాలుగు వాక్యాలు, కింద సంతకం, తేదీ. మనసులో చిరాకున్న మనిషి కూడా నిజమైన తేదీల కింద సంతకం పెట్టడానికి అభ్యంతరం చెప్పడు.

ఫోన్ సంగతి ఆయన భార్యతో తేలింది. గొడవ జరిగిన రెండుసార్లూ ఆమె ఇంట్లోనే ఉంది, పిల్లాణ్ని కింద తన దగ్గరే కూర్చోబెట్టుకుందట. "రోజూ లొల్లి" అని ఆయనంటున్నది నిజానికి రెండుసార్లే అని తెలిసింది కూడా ఆమె ద్వారానే. మన క్లయింట్ ఆమెను ఆంటీ అని పిలుస్తుంది, తానే ఫోన్ చేసి ఒకటే అడిగింది: "నా గురించి అబద్ధం చెప్పొద్దు ఆంటీ, ఉన్నదే చెప్పుండ్రి. నేను ఏ కాలనీల ఉన్ననో మాత్రం ఎవ్వరికీ చెప్పొద్దు." భార్యాభర్తలు వేర్వేరుగా రెండు మాటలు చెబితే ఉన్న నమ్మకం కూడా పోతుంది కాబట్టి, ఫోన్ వస్తే ఆమే మాట్లాడేలా ఆయనతోనూ ఒప్పించాం. కొత్త ఓనర్ నా ఫోన్ నుంచి స్పీకర్ పెట్టి మాట్లాడాలి, కాలనీ పేరు ఎత్తకూడదు. అలా ఎందుకన్నది కొత్త ఓనర్‌కు ముందే చెప్పాలి.

ఆసుపత్రి వైపు పని తేలిక, అయినా ఊరికే వదలలేదు. రిసెప్షన్‌కు ఫోన్ చేస్తే "ఎవరు, ఏ డిపార్ట్‌మెంట్" అని లైన్ కట్ అవుతుంది, ఓనర్ దాన్ని ఇంకోలా అర్థం చేసుకుంటాడు. నర్సింగ్ సూపరింటెండెంట్‌ను ముందే అడిగి, ఏ టైమ్‌లో చేయొచ్చో, ఏం చెప్పొచ్చో మాట్లాడుకుంది. పనిచేస్తోంది, ఎప్పటి నుంచి, షిఫ్టులు ఎలా ఉంటాయి. ఇంటి విషయాలు వద్దు. జీతం స్లిప్పులో నికర జీతం, నెల కనిపిస్తే చాలు.

ఆధార్ దగ్గర ఒక చిక్కు ఉంది. అందులో భర్త పేరు, పాత చిరునామా ఉన్నాయి. చూసిన ప్రతి ఓనర్ "ఈయనెక్కడ?" అంటాడు. పాన్ కార్డులో తండ్రి పేరు ఉంటుంది, అదొక్కటే ఇద్దామా అని ఆమె అడిగింది. వద్దన్నాను. దాచిన పేరు అగ్రిమెంట్ రోజు బయటపడితే మేనమామ కథే మళ్లీ. ఆధార్ ఇద్దాం, కానీ మొదటి ఎనిమిది అంకెలు కనిపించని మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసి, జిరాక్స్ మీద "ఇల్లు కిరాయి కోసం మాత్రమే" అని తేదీ వేసి ఇద్దాం. ఈయనెక్కడ అన్న ప్రశ్నకు జవాబు కాగితం కంటే ముందు మన నోటి నుంచి రావాలి.

ఆ జవాబు

అన్నింటికంటే ఎక్కువ సమయం దీనికే పట్టింది. ఎంత చెప్పాలి, ఎప్పుడు, ఎవరికి?

గేటు దగ్గరే చెబితే వినడానికి ఓనర్‌కు కారణం ఉండదు, ఇంకా మనిషిని చూడలేదు. నంబర్ ఇచ్చాక చెబితే అది సంజాయిషీ అవుతుంది. ఇల్లు నచ్చి, కిరాయి మాట కుదిరి, పాత ఓనర్ నంబర్ అడిగిన క్షణం సరైనది. ఓనర్ భార్య కూడా అక్కడుండాలి. మధ్యాహ్నం ఇంట్లో ఉండేది ఆమే, గేటు ముందు తీసేదీ ఆమే.

ఎంత అన్నదానికి మేం పెట్టుకున్న గీత ఇది: ఓనర్ ఇంటికి సంబంధించింది మొత్తం చెప్పాలి, ఆమె కాపురానికి సంబంధించింది ఒక్క ముక్క కూడా అక్కర్లేదు. కొట్టాడా, ఎందుకు విడిపోయారు, తప్పెవరిది అన్నవాటిలోకి దిగితే ఓనర్ తీర్పు చెప్పడం మొదలుపెడతాడు. ఆమె చివరికి తన మాటల్లోనే ఇలా తయారు చేసుకుంది: "మేం విడిగ ఉంటున్నం, కేసు కోర్టుల ఉన్నది. పాత ఇంటికాడ ఆయన రెండుసార్లు వచ్చి లొల్లి చేసిండు, అందుకే జల్ది ఖాళీ చేసిన. ఈ అడ్రస్ ఆయనకు తెల్వదు. ఒకవేళ వస్తే మీరు మాట్లాడకుండ్రి, గేటు తియ్యకుండ్రి, నేనే 112కు చేస్త." చివరి వాక్యం కోసమే మిగతావన్నీ. గొడవ రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. వస్తే ఓనర్ ఏం చేయాలో, ఆమె ఏం చేస్తుందో చెప్పొచ్చు.

ఇలా చెప్పిన మొదటి ఇంట్లో కుదరలేదు. ఓనర్ కాసేపు ఆలోచించి, "మా ఇంట్ల ఇద్దరు ఆడపిల్లలున్నరు బిడ్డా, మాకు భయం" అన్నాడు. పది నిమిషాల్లో తేలిపోయింది. ఫోన్ ఎత్తకుండా వారం తిప్పించుకోవడం కంటే ఇది నయం అని ఆమే అంది. ఆ ఓనరే ఇంకో కాలనీలో తన తోడల్లుడి ఇల్లు ఖాళీగా ఉందని చెప్పాడు. అక్కడ కుదరలేదు కానీ, దాచి ఉంటే ఆ మాట వచ్చేదే కాదు.

కుదిరిన ఇల్లు హనుమకొండ వైపు ఒక పాత కాలనీలో. కింద రిటైరైన దంపతులు, పిల్లలు దూరంగా ఉన్నారు. ఆమె చెప్పింది విని ఆయన ఏమీ మాట్లాడలేదు, భార్య మాత్రం "కరీంనగర్ల ఓనరమ్మతోని నేను మాట్లాడుత" అంది. నా ఫోన్ నుంచి చాలాసేపు మాట్లాడుకున్నారు. ఇద్దరూ పిల్లాడి గురించే ఎక్కువ మాట్లాడినట్టు వినిపించింది. సంతకం పెట్టిన కాగితం ఆయన చదివాడు, ఫోన్‌పే మెసేజ్ కూడా చూశాడు. నాకు ఆశ్చర్యం కలిగించింది ఏమిటంటే ఆయన ఎక్కువసేపు చూసింది ఆ అడ్వాన్స్ లెక్కే. బేసిన్‌కు డబ్బు కోసుకోనిచ్చిందంటే తన ఇంటికీ అంతే చేస్తుందని ఆయనకు అనిపించి ఉంటుంది.

తర్వాత వాళ్లకు మిగిలిన భయం భర్త గురించి కాదు, రాత్రి గేటు గురించి. సెకండ్ షిఫ్ట్ దిగి వచ్చేసరికి పదిన్నర అవుతుంది. నెల మొదట్లో డ్యూటీ చార్ట్ ఫోటో ఇస్తానని, గేటు తాళంచెవి ఒకటి తన దగ్గర ఉంచుకుంటానని చెప్పింది. అక్కడితో అయిపోయింది.

ఇంటిపేరు ఆరా కూడా వచ్చింది, రాకుండా ఉండదు. కులం అడగడానికి మన దగ్గర వంద దారులున్నాయి. నేను ఆ ప్రశ్నను మధ్యలో ఉండి చేరవేయను, ఫైల్‌లో రాయను. జవాబు చెప్పాలా వద్దా అన్నది కిరాయిదారు ఇష్టం. ఈమె తన ఇంటిపేరు చెప్పి ఊరుకుంది, ఓనరమ్మ కూడా ఇంకా లాగలేదు.

అగ్రిమెంట్ పదకొండు నెలలకు రాశాం. ఏడాది దాటిన లీజు 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టర్ చేయాలి కాబట్టి అందరూ పదకొండు దగ్గర ఆపుతారు. ఒక్క షరతు మాత్రం మామూలుగా ఉండనిది చేర్చాం: పోలీసులకు, కోర్టుకు తప్ప ఆమె ఇక్కడుంటున్నట్టు ఆమెను అడగకుండా ఎవరికీ చెప్పకూడదు. కిరాయిదారు వివరాలు స్టేషన్‌లో ఇస్తామని ఓనర్ అంటే ఆమె ముందు భయపడింది, అక్కడి నుంచి భర్తకు తెలుస్తుందేమోనని. నాకు తిరగేసి కనిపించింది. అవసరం పడితే ఫోన్ చేయాల్సింది ఆ స్టేషన్‌కే, అప్పుడు కొత్తగా పరిచయం చేసుకోవడం కంటే ముందే కాగితం ఉండటం మేలు. తానే వెళ్లి కేసు సంగతి కూడా చెప్పి వచ్చింది. మహిళా హెల్ప్‌లైన్ 181 నంబర్ తల్లి ఫోన్‌లోనూ వేసుకున్నారు.

ఈ కేసు తర్వాత నా పనిలో మారినవి

ఇప్పుడు ఎవరొచ్చినా ఇల్లు చూపించే ముందు పాత ఇంటి లెక్క ముగిసిందా అని అడుగుతున్నాను. ముగియకపోతే ముందు అది. పాత ఓనర్‌తో వాళ్లే ఒకసారి మాట్లాడి, ఫోన్ వస్తుందని చెప్పి ఉంచమంటాను. ఏం చెబుతాడో మనకు తెలియని మనిషి నంబర్ ఇవ్వకూడదు. ఆయన చెప్పబోయే చెడ్డ మాట ఏదైనా ఉంటే, కొత్త ఓనర్ దాన్ని మొదట మన నోటి నుంచే వినాలి.

దీనికి ఒక హద్దుంది. ఆమె కిరాయి ఏ నెలా ఆపలేదు కాబట్టే నాలుగు వాక్యాల కాగితం పనిచేసింది. మూడు నెలల బాకీ పెట్టి వచ్చిన మనిషికి ఇదే పద్ధతి చెప్పినా ఏమీ కాదు, ముందు బాకీ తీరాలి. అలాంటివాళ్లు కొందరు ఈ కేసు విని "మాకూ అట్లాంటి కాగితం రాయించు అన్నా" అని వచ్చారు, పంపించేశాను. కమిషన్ పోయిందని మా ఇంట్లో అన్నారు, అది వేరే సంగతి.

కొత్త ఇంట్లో చేరిన రోజు ఆమె చేత రెండు పనులు చేయించాను. వాష్ బేసిన్, తలుపులు, బాత్రూం టైల్స్, కరెంట్ మీటర్ రీడింగ్ ఫోటోలు తీసి ఓనర్ వాట్సాప్‌కు పంపడం ఒకటి. కిరాయి ప్రతినెలా ఫోన్‌పేలోనే కట్టి, నోట్‌లో నెల పేరు రాయడం రెండోది. ఆయనకు నోట్లు చేతికిస్తేనే ఇష్టం, మొదటి నెల కొంచెం గొణిగాడు. రెండో నెల నుంచి అలవాటైపోయింది.